యూదుల్లో కూలివాడు గురుపీఠం ఎక్కడం: ఆ మధ్యలో అసలు ఏం జరిగేది?

చదువరి_తార్నాక

నమస్కారం అందరికీ. వచ్చే ఆదివారం మా చదువరుల బృందంలో హిల్లెల్, అకీవాల మీద నలభై నిమిషాలు మాట్లాడాలి. ఇద్దరూ కట్టెలమ్ముకుని బతికారు, ఇద్దరూ యూదు ధర్మానికి పెద్ద దిక్కయ్యారు. ఇంతవరకు ఎక్కడ వెతికినా దొరుకుతోంది. నాకు కావలసింది ఆ రెండు ముక్కల మధ్య సంగతి. కూలి డబ్బుతో చదువెలా సాగింది? ఫీజు ఉండేదా? పదవి ఎవరిచ్చారు, ఏం చూసి ఇచ్చారు? యాజకులకు వంశం ముఖ్యమని తెలుగు బైబిల్లో చదువుకున్నాం కదా, మరి రబ్బీకి అడ్డు రాలేదా? ఈ రోజుల్లో పేదింటి కుర్రాడు రబ్బీ కావాలంటే ఏం చదవాలో కూడా చెబితే మేలు. మా బృందంలో క్రైస్తవులు, ముస్లింలు, హిందువులు అందరూ ఉంటారు, ప్రశ్నలు గట్టిగానే వస్తాయి. అందుకే వివరం పక్కాగా కావాలి.

పాతపుస్తకాలు_కోఠి

తార్నాక గారూ, ముందు ఒక ముడి విప్పుకుంటే మిగతాది సులువవుతుంది. ఆలయంలో బలులు నడిపే యాజకుడు వేరు, ధర్మం నేర్పే గురువైన రబ్బీ వేరు. యాజకత్వం అహరోను వంశానిది. తండ్రి నుంచి కొడుక్కి వస్తుంది, బయటివాడు ఎంత చదివినా యాజకుడు కాలేడు. రాచరికం దావీదు వంశానిది. మూడోది తోరా, అంటే యూదుల ధర్మశాస్త్రం, చదువు. దానికి వంశం లేదు. వీటినే మిష్నా అనే పాత ధర్మసంకలనం మూడు కిరీటాలంటుంది. అంతటితో ఆగలేదు కూడా. ధర్మం ఒప్పని కలయికకు పుట్టినవాణ్ని ‘మమ్‌జేర్’ అంటారు, సాటి యూదుల ఇళ్లలో వాడికి పెళ్లి సంబంధం కూడా కుదరదు. అలాంటివాడైనా చదువుకున్నవాడైతే, చదువులేని ప్రధాన యాజకుడి కంటే ముందు. దేంట్లో ముందు అంటే, ఇద్దరూ చెరలో పడితే ఎవరిని మొదట విడిపించాలన్న లెక్కలో. ‘హోరాయోత్’ అనే భాగం చివర ఉంటుందీ మాట. మీ సభలో వంశం ప్రశ్న వస్తే నేరుగా ఇది చెప్పండి.

ఇక హిల్లెల్. క్రీస్తుపూర్వం ఒకటో శతాబ్దం, బబులోను నుంచి యెరూషలేముకు వచ్చినవాడు. కట్టెలు కొట్టేవాడని తాల్ముద్ (మిష్నా మీద తర్వాతి పండితుల చర్చల గ్రంథం) చెప్పదు, రోజుకూలి అని మాత్రమే అంటుంది. ‘కట్టెలు కొట్టేవాడు’ అని రాసింది వెయ్యేళ్ల తర్వాతి పండితుడు మైమోనిదీస్. మన లేబర్ అడ్డా కూలీలాగా, పని దొరికితేనే డబ్బు. రోజుకూలి ఒక ‘త్రపయిక్’, అంటే అర దీనారు అని వ్యాఖ్యాతలు చెబుతారు. మీ బృందంలోని క్రైస్తవ మిత్రులకు మత్తయి 20వ అధ్యాయం తెలిసే ఉంటుంది, అక్కడ ద్రాక్షతోట కూలీకి దినానికి ఒక దేనారం. అందులో సగం ఇతని సంపాదన. ఆ సగంలో మళ్లీ సగం విద్యాలయం వాకిట్లో కూర్చున్న కాపలాదారుకు, మిగతా సగం ఇంటికి. మీరు ఫీజు ఉండేదా అని అడిగారు కదా, ఉండేది. నెలకో ఏడాదికో కాదు, రోజూ గుమ్మం దగ్గర.

ఒక శుక్రవారం కూలి దొరకలేదు. కాపలాదారు లోపలికి వదల్లేదు. మేడ ఎక్కి, వెలుతురు కోసం కప్పులో వదిలిన కంత దగ్గర పడుకుని, లోపల గురువులు షెమాయా, అవ్తల్యోన్ చెప్పే పాఠం విన్నాడు. అది తేవేత్ నెల, మన డిసెంబరు, జనవరి. రాత్రంతా మంచు పడింది. తెల్లవారాక షెమాయా ‘రోజూ ఈ ఇల్లు వెలుతురుగా ఉంటుంది, ఇవాళ చీకటేమిటి, మబ్బు పట్టిందా’ అంటూ తలెత్తితే కంతలో మనిషి ఆకారం కనిపించింది. ఎక్కి చూస్తే మీద మూడు మూరల మంచు. దించి, కడిగి, నూనె రాసి, మంట ముందు కూర్చోబెట్టారు. అది విశ్రాంతిదినం, మంట రాజేయడం నిషిద్ధం. ‘ఇతని కోసం విశ్రాంతిదినం తప్పినా తప్పు లేదు’ అన్నారు. ఈ కథ చెప్పేటప్పుడు చాలామంది మంచు దగ్గరే ఆగిపోతారు. తాల్ముద్ దీన్ని ఎందుకు చెప్పిందో కూడా చెప్పాలి. పేదరికం వల్ల చదువుకోలేదు అనేవాణ్ని పైలోకపు న్యాయస్థానంలో ‘హిల్లెల్ కంటే పేదవాడివా’ అని అడుగుతారట. అంటే ఇది పేదవాణ్ని ఓదార్చడానికి చెప్పిన కథ కాదు, నిలదీయడానికి చెప్పింది. నా మటుకు నాకు ఇందులో నచ్చనిది ఆ గుమ్మం ఫీజు. దాన్ని ఎవరూ ఆ రోజు తప్పుపట్టలేదు.

పదవి ఎలా వచ్చిందన్నది ఇంకా ఆసక్తికరం. ఒక ఏడు నీసాను నెల 14వ తేదీ విశ్రాంతిదినాన పడింది. ఆ రోజు పస్కా పండగ బలి గొర్రెను కోయాలి. కోత పని విశ్రాంతిదినాన చేయొచ్చా లేదా? అప్పటి పెద్దలు బెతేరా వంశంవాళ్లు, వాళ్లకు గుర్తు లేదు. బబులోను నుంచి వచ్చినవాడొకడు షెమాయా, అవ్తల్యోన్‌ల దగ్గర శుశ్రూష చేశాడని ఎవరో చెబితే పిలిపించారు. హిల్లెల్ వాదన ఇది: ఏడాదికి ఒక్క పస్కా ఏమిటి, విశ్రాంతిదినాల్లో రెండు వందలకు పైగా బలులు ఇస్తూనే ఉన్నాం కదా! లెక్క వేసుకోండి, ప్రతి విశ్రాంతిదినాన నిత్యబలి గొర్రెలు రెండు, ఆ రోజుకు ప్రత్యేకం రెండు, ఏడాదికి యాభై విశ్రాంతిదినాలు. నిత్యబలికీ పస్కాకూ లేఖనం ‘దాని నియామక కాలంలో’ అన్న ఒకే మాట వాడింది కాబట్టి రెంటికీ ఒకే నియమం అన్నాడు. అక్కడికక్కడే అతణ్ని ‘నాసీ’గా, అంటే అధిపతిగా కూర్చోబెట్టారు.

బబులోను తాల్ముద్ ఇలా చెబుతుంది. యెరూషలేము తాల్ముద్‌లో ఇంకో రకం. రోజంతా తర్కం చెప్పినా ఎవరూ ఒప్పుకోలేదు. చివరికి ‘ఇది షెమాయా, అవ్తల్యోన్‌ల నోట విన్నాను’ అన్నాకే ఒప్పుకున్నారు. ఈ తేడా వదలొద్దు. తెలివి ఒక్కటే చాలదు, గురుశుశ్రూష చేసి విన్నవాడై ఉండాలి. హీబ్రూలో దానికి ‘షిమ్ముష్’ అని ప్రత్యేకమైన మాటే ఉంది.

పదవి ఎక్కిన రోజే జారుడు కూడా. ‘నేను బబులోను నుంచి వచ్చి మీకు అధిపతినయ్యానంటే, మీ బద్ధకం వల్లే కదా, ఇద్దరు మహానుభావులు ఇక్కడే ఉన్నా మీరు శుశ్రూష చేయలేదు’ అని వాళ్లను దెప్పాడు. వెంటనే ఒకరు అడిగారు: కత్తి ముందురోజే తెచ్చిపెట్టుకోవడం మరిచిపోతే, విశ్రాంతిదినాన మోసుకురావచ్చా? ‘విన్నాను, మరిచిపోయాను. జనాన్ని వదిలేయండి, వాళ్లే చూసుకుంటారు’ అన్నాడు హిల్లెల్. మర్నాడు గొర్రె తెచ్చినవాడు ఉన్నిలో కత్తి గుచ్చి తెచ్చాడు, మేకపిల్ల తెచ్చినవాడు కొమ్ముల మధ్య పెట్టి తెచ్చాడు. అది చూశాక గుర్తొచ్చింది, గురువులు చెప్పిందీ అదే. గర్వపడితే పండితుడి విద్య పోతుందనడానికి తాల్ముద్ చూపించే ఉదాహరణ మరెవరో కాదు, సాక్షాత్తూ హిల్లెలే.

నల్లకుంట_పంతులు

కోఠి గారు చెప్పినవన్నీ సరైనవే. ఒక్క చోట మాత్రం గట్టిగా అడ్డుపడాలి. ‘తోరా చదువుకు వంశం లేదు’ అన్నది సూత్రం. చదవడానికి లేదు, నిజమే. హిల్లెల్ గురువులు షెమాయా, అవ్తల్యోన్‌లే మతం మారి యూదులైనవాళ్ల సంతతి అని తాల్ముద్ చెబుతుంది. కానీ పీఠం దగ్గరికి వచ్చేసరికి వంశం మళ్లీ తలుపు తట్టింది. అకీవా విషయంలో అదే జరిగింది.

అకీవా కల్బా సవూవా అనే ధనవంతుడి దగ్గర గొర్రెల కాపరి. నలభై ఏళ్లదాకా అక్షరం రాదు. బావి దగ్గర రాయి తొలుచుకుపోయి ఉండడం చూసి, నీటిబొట్టు రాయినే తొలిస్తే తోరా నా గుండెను తొలవదా అనుకున్నాడంటారు. ఇది అందరికీ తెలిసిన ముక్క. తెలియని ముక్క ఆ తర్వాతిది. కొడుకును వెంటబెట్టుకుని పిల్లల బడికి పోయాడు. పలకకు ఒక కొస తండ్రి, రెండో కొస కొడుకు పట్టుకున్నారు. పంతులు హీబ్రూ అక్షరాలు ఆలెఫ్, బేత్ రాసిచ్చాడు, నేర్చుకున్నాడు. తర్వాత ఆలెఫ్ నుంచి తావ్ దాకా. తర్వాత లేవీయకాండం, అప్పట్లో పసిపిల్లలకు మొదలుపెట్టించేది అదే. అన్నీ అయ్యాకే ఎలీయేజెర్, యెహోషువా అనే పెద్ద పండితుల దగ్గరికి పోయాడు. నలభై ఏళ్లవాడు పసివాళ్ల వరస తప్పించుకోలేదు, మధ్యలోంచి దూకలేదు. మీ సభలో ఇది తప్పకుండా చెప్పండి.

సంపాదన రోజుకో కట్టెలమోపు. సగం అమ్మి తిండి, సగం ఇంట్లో మంటకు. పొగకు ఇరుగుపొరుగు గొడవపెట్టారు, ‘ఆ కట్టెలు మాకమ్మి నూనె కొనుక్కో, ఆ దీపానికి చదువుకో’ అన్నారు. ఒప్పుకోలేదు. ఆ మంట వెలుతురులో చదువుతా, దాంతోనే కాచుకుంటా, కట్టెల మీదే పడుకుంటా అన్నాడు. నూనె కొంటే వెలుతురొక్కటే మిగులుతుంది, ఒకే ఖర్చులో మూడు పనులు కావు.

ఏళ్ల లెక్కలో జాగ్రత్త. భార్యను వదిలి పన్నెండేళ్లు, తిరిగొచ్చి గుమ్మం దాకా వచ్చి ఆమె మాట విని మళ్లీ పన్నెండేళ్లు అని తాల్ముద్ కథ. ఇంకోచోట నలభై ఏళ్లకు మొదలుపెట్టి, నలభై ఏళ్లు శుశ్రూష చేసి, నలభై ఏళ్లు నడిపించాడని ఉంటుంది. సరిగ్గా ఇదే లెక్క మోషేకూ హిల్లెల్‌కూ వేశారు. మోషే 120 ఏళ్లకు సరితూగేలా పేర్చిన గుండు అంకెలవి, చరిత్ర తేదీలుగా చెప్పకండి. ఖాయంగా చెప్పగలిగింది, 132లో మొదలైన బర్ కొఖ్బా తిరుగుబాటు కాలంలో రోమన్లు ఆయన్ను చంపారన్నది.

ఇప్పుడు పీఠం సంగతి. యవ్నె అనే ఊళ్లోని పండితుల సభకు రబ్బన్ గమ్లియేల్ నాసీగా ఉన్నాడు. రబ్బీ యెహోషువాను సభలో పదేపదే నిలబెట్టి అవమానించాడని సభ తిరగబడి ఆయన్ను దించేసింది. ఎవరిని కూర్చోబెట్టాలి? యెహోషువా తగాదాలో ఒక పక్షం, కుదరదు. అకీవా? పూర్వీకుల పుణ్యబలం లేదు, ఏదైనా ఆపద వస్తే కాచేవాళ్లు లేరన్నారు. చివరికి ఎలాజార్ బెన్ అజర్యాను ఎంచారు. పండితుడు, డబ్బున్నవాడు, ఎజ్రా నుంచి పదో తరం. ఆ తరంలో అకీవాను మించినవాడు లేడని ఒప్పుకునే సంప్రదాయమే, ఆయన్ను ఎందుకు ఎంచలేదో దాచకుండా రాసిపెట్టింది. అందుకే నాకు ఈ గ్రంథం మీద అంత గౌరవం.

అదే రోజు ఇంకొకటి జరిగింది. వాకిట్లో కాపలాదారును తీసేశారు. ఎవరైనా రావచ్చన్నారు. కొత్తగా వేయాల్సి వచ్చిన బల్లలు 400 అని ఒకరు, 700 అని ఇంకొకరు. హిల్లెల్‌ను ఆపిన గుమ్మం ఇది కాదు, ఊరూ వేరు, తరమూ వేరు. అయినా ఈ రెండు గుమ్మాలను పక్కపక్కన పెట్టి చెబితే మీ ఉపన్యాసం నిలబడుతుంది.

తర్వాత గమ్లియేల్ క్షమాపణకు యెహోషువా ఇంటికి వెళ్లాడు. గోడలు నల్లగా మసిబారి ఉన్నాయి. ‘నీ గోడలు చూస్తే బొగ్గుపనివాడివని తెలుస్తోంది’ అన్నాడు. యెహోషువా జవాబు: నువ్వు నాయకుడివైన తరానికి అయ్యో, పండితులు ఎలా సంపాదించుకుంటారో, ఏం తింటారో నీకు తెలియదు. ఏళ్లుగా పక్కన కూర్చున్న మనిషి వృత్తి గోడల మసి చూశాక గానీ ఆయనకు తెలియలేదు!

అసలు చేదు నిజం ఇంకోటుంది. ఈ గమ్లియేల్ ఎవరనుకున్నారు? హిల్లెల్ వంశంవాడే. మంచులో గడ్డకట్టిన కూలివాడి సంతతి నాసీ పీఠాన్ని తరతరాలుగా ఏలింది, ఐదో శతాబ్దంలో రోమన్ సామ్రాజ్యం ఆ పదవినే రద్దు చేసేదాకా. తర్వాతి సంప్రదాయం హిల్లెల్‌కే దావీదు వంశం కలిపింది. పద్దెనిమిదో శతాబ్దంలో హసీదులనే భక్తి ఉద్యమం వాళ్లలోనూ ఇదే వరస. వాళ్ల మూలపురుషుడు బాల్ షెమ్ తోవ్ అనాథ, పిల్లల్ని బడికి తీసుకెళ్లే సహాయకుడు, కొండల్లో మట్టి తవ్వితే భార్య బండిలో ఊళ్లోకి తోలుకెళ్లి అమ్మేదంటారు. 1760లో ఆయన పోయాక నాయకత్వం కొడుక్కి కాదు, పేద పంతులు కొడుకైన దోవ్ బేర్‌కు దక్కింది. రెండు మూడు తరాలు గడిచేసరికి అక్కడా తండ్రి తర్వాత కొడుకే.

చదువరి_తార్నాక

చాలా చాలా కృతజ్ఞతలు ఇద్దరికీ. గోడల మసి నన్ను వదలడం లేదు. తిండి సంగతి ఇంకా తేలలేదండీ. అకీవాకు కట్టెలున్నాయి సరే, తర్వాతి కాలపు పేద విద్యార్థులు ఏం తిన్నారు? ఇంకా, ఈ రోజుల్లో రబ్బీ చదువేమిటి?

మలక్‌పేట_07

తార్నాక మేడమో సారో, తిండి సంగతి మనకు కొత్తది కాదు. మన దగ్గర వారాలబ్బాయిలు ఉండేటోళ్లు గదా, సోమవారం ఒకరింట్ల, మంగళవారం ఇంకొకరింట్ల తిని చదువుకునేటోళ్లు. తూర్పు ఐరోపా యూదుల్లో అచ్చం గదే. వాళ్ల యిడ్డిష్ భాషల ‘ఎస్సెన్ తేగ్’ అంటరు, ‘తినే రోజులు’ అని అర్థం. ఏడు రోజులకు ఏడు ఇండ్లు దొరికితే అదృష్టం. దొరకని రోజు పస్తే. ఇంటి యజమాని మాట పడాలె, మిగిలింది పెడితే తినాలె. పిల్లగాడు చదువులో ఎంత గట్టోడైనా ఊళ్లె చులకనే.

దీన్ని మార్చింది వొలోజిన్. ఇప్పుడు బెలారుస్‌ల ఉంటది. 1803లో హయ్యిమ్ అనే రబ్బీ అక్కడ యెషివా, అంటే తోరా చదువుల బడి, పెట్టిండు. ఊళ్ల మీదికి మనుషుల్ని పంపి చందాలు తెచ్చి, పైసలు ఒక్క చోట జమ చేసి, పిల్లలకు ఖర్చులకు ఇచ్చేటోళ్లు. ఇంటింటికీ తిరుగుడు బందయింది. పేద పిల్లగాడు ఇంకొకని మొహం చూడకుంట చదివే ఏర్పాటు అట్ల మొదలైంది. నా లెక్కల ఇది హిల్లెల్ కథ కంటే పెద్ద ముచ్చట. ఒక్కని పట్టుదల మీద కాకుంట, ఏర్పాటు మీద నడిచింది.

ఇప్పటి చదువు. పాతకాలపు ‘సెమిఖా’, అంటే మోషే నుంచి చెయ్యి పెట్టి ఇచ్చుకుంట వచ్చిన అధికారం, ఎప్పుడో తెగిపోయింది. ఇప్పుడిచ్చేది అనుమతి పత్రం లెక్క. దాంట్ల ‘యోరే యోరే’ అని ఉంటది: ‘తీర్పు చెప్పొచ్చా? చెప్పొచ్చు’. ఆర్థడాక్స్, అంటే పాత ఆచారం గట్టిగ పాటించేటోళ్ల పద్ధతిల అసలు సిలబస్ 1565ల అచ్చయిన ‘షుల్హాన్ ఆరూఖ్’ అనే ధర్మనియమాల పుస్తకంల ‘యోరే దేఆ’ భాగం. దాంట్ల మూడు ముఖ్యం: మాంసానికి ఉప్పు పెట్టుడు, మాంసం పాలు కలవకుండ చూసుడు, కల్తీ లెక్కలు.

ఉప్పు సంగతి చూడుర్రి, ఎంత బారీకు ఉంటదో. రక్తం తినొద్దు గదా, అందుకని మాంసాన్ని అర్ధగంట నీళ్లల్ల నానబెట్టాలె. తీసి నీళ్లు కారనియ్యాలె, లేకుంటే ఉప్పు కొట్టుకపోతది. అట్లని పూర్తిగ ఆరొద్దు, ఉప్పు అంటదు. ఉప్పు మరీ మెత్తగుంటే కరిగిపోతది, మరీ దొడ్డుగుంటే రాలిపోతది, నడిమి రకం కావాలె. అన్ని దిక్కులా పెట్టి, రక్తం కిందికి జారేతట్టు ఏటవాలు పలక మీద గంటసేపు ఉంచి, మూడుసార్లు కడగాలె. మర్చిపోయి ఒక రోజు పొద్దంతా రాత్రంతా నీళ్లల్లనే ఉంచితే, నానుడు వండుడుతోని సమానం, ఇంక పనికిరాదు. కార్జానికి ఉప్పు చాలదు, రక్తం మస్తుంటది, మంట మీద కాల్చాల్సిందే. కూరగిన్నెల పాలచుక్క పడితే, చుక్కకు అరవై వంతులు కూర ఉన్నదా అని చూస్తరు. అది తూకం కాదు, పరిమాణం. పరీక్షల చాలమంది తప్పేది గిక్కడనే: నియమం చెప్తరు, కారణం అడిగితే ఆగిపోతరు. కారణం రాకుంటే కొత్త గిన్నె, కొత్త పొయ్యి వచ్చినప్పుడు తీర్పు చెప్పలేడు.

చదువుడు ఒక్కలే చదవరు. ఇద్దరిద్దరు కూసొని గట్టిగ వాదించుకుంట చదువుతరు, ‘హెవ్రూతా’ అంటరు. జోడీ కుదరకుంటే ఏడాది వేస్టు.

ఈసీఐఎల్_అక్షర

ఆడవాళ్ల ఊసే రాలేదు కాబట్టి రెండు పేర్లు చేరుస్తాను. ఇప్పటి పోలండ్‌లోని క్రాకోలో సారా షెనిరెర్ బట్టలు కుట్టే మనిషి. 1917లో తన ఇంట్లోనే పాతికమంది ఆడపిల్లలతో బడి మొదలుపెట్టారు. అదే ‘బైస్ యాకోవ్’, ఇవాళ ఆర్థడాక్స్ ఆడపిల్లల చదువంటే ముందు చెప్పుకునే పేరు. ఆమె రబ్బీ కాదు, కావాలనీ అనలేదు. రెండో ఆమె రెగీనా యోనాస్, బెర్లిన్‌లో పేదవాడలో పుట్టి, చిన్నప్పుడే తండ్రిని పోగొట్టుకున్నారు. 1935లో రబ్బీగా అనుమతి పొందిన మొదటి మహిళ. 1944లో నాజీలు ఆష్విట్జ్ శిబిరంలో చంపేశారు.

మన దేశం సంగతి అడిగేవాళ్లూ ఉంటారు. కొంకణ తీరంలోని బెనె ఇస్రాయేల్ వాళ్లు గానుగ ఆడేవాళ్లు, శనివారం గానుగ ఆపేసేవాళ్లు కాబట్టి ‘శనివార్ తేలీ’ అని పేరు. ప్రార్థన నడపడానికి రబ్బీ అక్కర్లేదు, ఆర్థడాక్స్ నియమం ప్రకారం పదిమంది వయోజన పురుషులు, చదవగలిగినవాడొకడు ఉంటే చాలు. కొచ్చిలో ఏ.బి. సేలం (1882–1967) విముక్తి పొందిన బానిసల సంతతి. 1568 నాటి పరదేశి సమాజమందిరం అనే యూదుల ప్రార్థనాలయంలో వాళ్లకు సమాన స్థానం ఉండేది కాదు. లాయరైన సేలం ఆ మందిరంలోనే సత్యాగ్రహం చేశారు. మూడు కిరీటాల సూత్రం వినిపించేటప్పుడు ఇదీ వినిపించాలి. తెలుగు మాట్లాడే యూదులుగా చెప్పుకునే బెనె ఎఫ్రాయిమ్ వాళ్లు గుంటూరు దగ్గర కొత్తరెడ్డిపాలెంలో ఉన్నారు, దళిత కుటుంబాలు. వాళ్ల గుర్తింపు మీద చర్చ నడుస్తూనే ఉంది కాబట్టి ఉపన్యాసంలో ఒక్క వాక్యానికి మించి పెట్టకండి, గౌరవంగా పెట్టండి.

నల్లకుంట_పంతులు

తార్నాక గారూ, ఒకటి మరిచాను. మీ క్రైస్తవ మిత్రులు గమ్లియేల్ పేరు వినగానే పౌలు గురువు గమలీయేలు అనుకుంటారు. ఆయన కాదు. అపొస్తలుల కార్యములు 5వ అధ్యాయంలో ఉన్నది తాత. గోడల మసి చూసింది మనవడు, 70లో ఆలయం కూలిన తర్వాతి తరం.